విత్తనమునకు పూసిన రంగు, మిఠాయిలో కలిపిన రంగు

ముంగారు పదునుకై వేచియుండు దినములలో మన మెట్టగ్రామములందు ఏ యింటి పంచకు పోయినను ఒక పని జరుగుచుండును. వలిచిన వేరుశనగ విత్తనమును గోనెపట్టాపై పోసి, మందు కలిపి, ఇద్దఱు ముగ్గురు కూడి అటునిటు పొరలించుచుందురు. మందులో రంగు కలిసియుండుటచేత విత్తనము ఎఱ్ఱనో గులాబియో యగు వన్నె నొందును. పట్టాయు, చేతులును ఆ వన్నెనే పొందును. తరువాత కొన్ని నెలలకు పిల్లలను తేరునకో పీర్లపండుగకో తోడ్కొనిపోయినపుడు, అట్టి వన్నెయే పుల్లకు చుట్టిన పీచుమిఠాయి రూపమున వారి చేతికి వచ్చును.

ఒకచోట ఆ రంగు తినవలదని చెప్పుచున్నది. మఱియొకచోట తినుమని పిలుచుచున్నది. ఈ రెండు రంగులును కంటికి ఒక్కటియే. వస్తువు కూడ ఒక్కటియే యగునా యనునది పరీక్షింపక చెప్పజాలము. కాని పలుచోట్ల పరీక్షించి చూడగా మిఠాయిలో బయటపడినది మందులకును, బట్టలకును, కాగితములకును వాడదగిన రోడమిన్-బి యను కృత్రిమపు రంగే యని తేలినది. కావున ఆ రంగు యొక్క గుణములను, తగిన వాడుకలను, తగని వాడుకలను కొంత వివరించి, సహకార సంఘములు చేయవలసినదని మాకు తోచినదానిని సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఈ రంగుల వంశము జర్మనీ దేశమున పుట్టినది. 1871లో అడాల్ఫ్ వాన్ బేయర్ అను రసాయన పండితుడు తారునుండి వచ్చు పదార్థములను కలిపి కాచి ఫ్లోరెసీను అను రంగును చేసెను. మూడేండ్ల పిదప దానినుండి ఇయోసిను వచ్చెను. 1887లో రోడమిను వచ్చెను. గ్రీకు భాషలో రోడాన్ అనగా గులాబి. ఈ బేయరు పేరు మన ప్రాంతపు రైతునకు మఱియొక కారణముచేత గూడ జ్ఞాపకముండదగినది. నీలిమందును మొక్క లేకయే చేయవచ్చునని ప్రయోగశాలలో చూపినవాడును ఈయనయే. 1897లో ఆ కృత్రిమపు నీలి అంగడికి వచ్చిన పిదప కడప మొదలగు సీమలలో తాతముత్తాతలు పండించిన నీలిమందు సాగు క్రమముగా అడుగంటినది. రంగుల సీసాలో జరిగిన మార్పు చేనివఱకు వచ్చుట మనకు క్రొత్త గాదు.

రోడమిన్-బి పొడిగా నున్నపుడు ముదురు ఊదా వన్నెగల గుండ. కొన్ని వేళల ఆకుపచ్చని తళుకు కూడ కనబడును. నీట వేసినంతనే దాని స్వభావము బయటపడును. ఒక్క గ్రాము పొడి వేయి లీటర్ల నీటిని గులాబి వన్నెకు మార్చగలదు. సామాన్యపు రంగు తనపై బడిన వెలుతురులో కొంత మ్రింగి, మిగిలినదానిని మాత్రమే త్రిప్పి పంపును. ఈ జాతి రంగు అట్లు మ్రింగిన ఆకుపచ్చని వెలుతురును గూడ తనలో నుంచుకొనదు. రెప్పపాటులో కోట్లవంతు కాలమునకే దానిని నారింజ కలిసిన ఎఱుపు వెలుతురుగా మార్చి వెలిగ్రక్కును. ఈ గుణమునకు ప్రతిదీప్తి యని శాస్త్రజ్ఞులు పేరిడిరి. అందుచేతనే ఈ రంగు పూసిన వస్తువు తనలో దీపమున్నట్లు తళతళలాడును. పట్టుదారము దీనిని సులభముగా పీల్చుకొనును. అయితే ఎండకు త్వరగా వెలిసిపోవుట దీని లోపము. ధర్మవరము పట్టుచీరవంటి వెలగల వస్త్రమును కొనువారు అంగడి దీపముల క్రింది తళుకును మాత్రమే చూచి మురియక, రంగు ఎండకు నిలుచునా యని అడుగుట మేలు.

ఇట్లు అతి స్వల్పమైనను కనబడుటయే ఈ రంగుల బలము. దేనినైనను చూపించుటకు వాడినపుడు ఇవి మనకు సేవ చేయును. దేనినైనను మఱుగుపఱచుటకు వాడినపుడు కీడు చేయును. మా వాదమంతయు ఈ భేదముపైననే నిలిచియున్నది.

చూపించు పనులలో కంటివైద్యము ఒకటి. కోతల దినములలో కంటిలో మొన తగిలి, దుమ్ముపడి, ఎఱ్ఱబాఱిన కంటితో ఎందఱో తిరుగుచుందురు. వైద్యుడు ఫ్లోరెసీను అద్దిన చిన్న కాగితపు ముక్కను కంటికి తాకించి నీలి వెలుతురున చూచును. నల్లగ్రుడ్డుపై గీత పడియుండినయెడల అది ఆకుపచ్చగా వెలుగును. పైరు గీచినందువలన కలిగిన పుండులో బూజుతెగులు పట్టి చూపు పోయిన వ్యవసాయకూలీలు దక్షిణదేశమున తక్కువ కారు. అట్టి గాయమునకు నాటుపసరు పోయుటకంటె ఈ పరీక్షకై ఒక పూట పని మానుకొనుట చౌక.

రెండవది నీటి జాడ తెలిసికొనుట. ఐరోపా ఖండమున డాన్యూబు నది యొక సున్నపురాతి సీమలో ఇమ్మెండింగెన్ అను నూరికడ భూమిలోనికి ఇంకిపోవుచుండెను. దానికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఆఖ్ అను గొప్ప ఊట యున్నది. అచ్చటి మిల్లుల వారు ఈ నీరు మాకు వచ్చునదే, అడ్డగింపరాదని తగవు పెట్టిరి. 1877లో సుమారు 10 కిలోల ఫ్లోరెసీను లవణమును నది ఇంకుచోట పోయగా, రమారమి 60 గంటలకు ఆఖ్ ఊట ఆకుపచ్చగా వెలిగెను. నీటి దారి తెలిసెను. తగవు మాత్రము తీరలేదు. 1927లో గూడ జర్మను న్యాయస్థానము ఆ నీటిని గూర్చి తీర్పు చెప్పవలసివచ్చెను.

మన అనంతపురపు పీఠభూమిలో సాలున 550 మిల్లీమీటర్ల వాన కురిసిన మంచి యేడే. ఇచ్చట నీటి జాడకై బోర్లు వేసి అప్పులపాలైన కుటుంబములను లెక్కపెట్టుట కష్టము. తాడిపత్రి ప్రక్కన, అచ్చటినుండి బెలుము గుహలవఱకు సున్నపురాయి కలదు. 3,229 మీటర్ల పొడవున కొలిచిన ఆ గుహలను తొలిచినది భూమి క్రింద పాఱిన నీరే. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుని పేరిలోని బుగ్గ కూడ నీటియూటయే. అట్టి రాతిలో రంగుపరీక్ష త్వరగా ఫలితమిచ్చును. తక్కిన భాగమున గట్టి గ్రానైటురాయి యుండుటచే నీరు నెఱ్ఱెలవెంట మెల్లగా నడచును. ఇంకుడుచెఱువు నీరు ఏ బావికి చేరునో తెలిసికొనుటకు ఓపిక కావలెను, తెలిసినవారి పర్యవేక్షణ కావలెను. రోడమిన్-బి బంకమన్నునకు అంటుకొని దారిలోనే నిలిచిపోవును. ఫ్లోరెసీను అంతగా అంటుకొనదు, కాని ఎండ తగిలిన వెలిసిపోవును. కావున అంగడిలో దొరికిన రంగును తెచ్చి ఎవరికి వారు బావిలో కుమ్మరించుట శాస్త్రము గాదు, త్రాగునీటిని చెఱచుట. ఇది భూగర్భజల శాఖవారిచేత చేయింపవలసిన పని.

ఇక విత్తనముమాట. ఇందే మా ఆందోళన యంతయు నున్నది.

విత్తనమునకు తెగుళ్ళ మందు పట్టించునపుడు రంగు కలుపుటకు రెండు ప్రయోజనములు కలవు. మందు ప్రతి గింజకును పట్టినదో లేదో కంటికి కనబడుట యొకటి. ఇది గింజయే కాని ఇపుడు ఆహారము గాదని చదువురానివారికిని చెప్పుట రెండవది. 1968 నాటి విత్తన నిబంధనల ప్రకారము మందు పట్టించిన విత్తనపు సంచిపై ఆ సంగతియు, మందు పేరును వ్రాయవలెను. ఆ మందు హానికరమైనదగునపుడు ఆహారమునకు గాని, మేతకు గాని, నూనెకు గాని వాడరాదను హెచ్చరికయు వ్రాయవలెను. నూనె యను మాట వేరుశనగ సీమవారమగు మనము రెండుసార్లు చదువదగినది.

ఏలయనగా మన సీమలో కఱవు వచ్చు విధము వేఱు. పదును వాన వచ్చునని నమ్మి కాయ వలిపించి, మందు పట్టించి, గొఱ్ఱు సిద్ధముచేసి కూర్చుండగా వాన ముఖము చాటువేయును. అదను దాటిపోవును. ఇంటిలో మందు పట్టిన విత్తనము మిగులును. అది అప్పుచేసి కొన్నది. వలిచిన పప్పు మఱుసటి యేటికి మొలకశక్తితో నిలుచునను నమ్మకము లేదు. అపుడు ఆ పప్పును నీట కడిగి, ఎండబోసి, గానుగకు పంపుదమా, పచ్చడి నూఱుదమా, పశువులకు వేయుదమా యను తలంపు కలుగుట సహజము. ఆ తలంపు పేదఱికమునుండి పుట్టినదే కాని దుర్బుద్ధినుండి పుట్టినది గాదు. అందుచేత మేము దానిని నిందింపము. కాని కడిగినపుడు పోవునది రంగు మాత్రమే యని గట్టిగా చెప్పవలసియున్నది.

దీనికి లోకమెఱిగిన నిదర్శన మొకటి కలదు. 1971లో ఇరాకు దేశమున కఱవు తీఱుటకని విదేశములనుండి విత్తనపు గోధుమలు తెప్పించిరి. వానికి పాదరసపు మందు పట్టించి, హెచ్చరికగా ఎఱ్ఱని రంగు కలిపిరి. సంచులపై వ్రాసిన హెచ్చరికలు ఆ రైతులకు తెలియని భాషలలో నుండెను. పలుచోట్ల గోధుమలు వచ్చునప్పటికే విత్తు ముగిసియుండెను. ఆకలితో నున్న కుటుంబములవారు వానిని కడిగిరి. రంగు పోయెను, రంగుతోపాటు విషమును పోయినదనుకొని రొట్టెలు చేసికొని తినిరి. వెంటనే ఎవ్వరికిని ఏమియు కాలేదు. వారములు గడచిన పిదప కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కుట, నడక తడబడుట, చూపు పోవుట మొదలయ్యెను. ఆసుపత్రులలో చేరినవారే 6,530 మంది. వారిలో 459 మంది చనిపోయిరి. ఆ జాతి పాదరసపు మందులు మన దేశమున నిషేధింపబడినవి గాన మన పప్పు తిన్నవారికి అట్లే జరుగునని మేము చెప్పుట లేదు. మందు మాఱినను కడిగినవాని భ్రమ మాత్రము మాఱదు. రంగు గింజపైన నిలుచును. మందులు కొన్ని గింజలోనికిని దిగును. గానుగలో ఆడినపుడు అవి నూనెలోనికో, చెక్కలోనికో చేరును. చెక్క పశువునకు, పాలు పిల్లకు.

చేయదగినది కష్టమైనది గాదు. కాయలను కాయలుగానే నిలువయుంచి, వాన పడిన పిమ్మట ఆ దినమునకు విత్తగలిగినంత పప్పునకే మందు పట్టించవలెను. కూలీలు దొరకరను తొందరచేత ముందుగానే అంతయు కలిపివేయు నలవాటు మన ప్రాంతమున ప్రబలినది. నష్టమునకు తొలిమెట్టు అదియే. మిగిలినదానిని తిండిగింజలకు దూరముగా, గుఱుతు వ్రాసిన సంచిలో కట్టియుంచవలెను. విత్తుటకు పనికిరాదని తేలినచో బావులకును వాగులకును ఎడముగా, పశువులును పందులును త్రవ్వలేని లోతున పూడ్చవలెను. మందు కలిపిన పట్టాను మరల పిండి ఆరబోయుటకు వాడరాదని చెప్పుట అనవసరమని కొందఱు తలచుదురేమో. మేము చూచినంతవఱకు అనవసరము గాదు.

ఇపుడు మిఠాయివైపు తిరిగెదము. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరియందును తమిళనాటను పీచుమిఠాయిలో రోడమిన్-బి కనబడుటచే దాని అమ్మకమును నిలిపివేసిరి. మార్చిలో కర్ణాటక ప్రభుత్వమువారు 25 పీచుమిఠాయి నమూనాలను పరీక్షింపగా 15 సురక్షితములు గావని తేలెను. అచ్చటను నిషేధము వచ్చెను. మడకశిర, హిందూపురము, రాయదుర్గము వారికి కర్ణాటక పొరుగూరే. పరుసలకు తిరుగు చిల్లర వర్తకుడు ఎల్లలు చూడడు. నిజము చెప్పవలెనన్న ఈ నిషేధములలో క్రొత్తదన మంతగా లేదు. రోడమిన్-బి మన దేశమున ఎచ్చటను ఏ యాహారమునందును కలుపదగిన రంగు గాదు. కేంద్ర నిబంధనలు ఆహారమునకు అనుమతించిన కృత్రిమపు రంగులు ఎనిమిది మాత్రమే. వానిని గూడ కొన్ని పదార్థములలోనే, నిర్ణీతమైన మితములోనే వాడవలెను.

ఆ ఎనిమిదింటిలో ఎరిత్రోసిను అను ఎఱ్ఱరంగు ఫ్లోరెసీను వంశములోనిదే. దానిని సైతము 2025 జనవరిలో అమెరికావారు ఆహారమునుండి తొలగింపనిశ్చయించిరి. మఱి రోడమిన్-బి మాట యేమి? ఎలుకల చర్మము క్రింద ఎక్కించినపుడు కణుతులు పుట్టినవని పరిశోధకులు చూపిరి. మనుష్యులయందు క్యాన్సరు కలిగించునని నిర్ణయించుటకు చాలిన సాక్ష్యము లేదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు 1987లో దానిని మూడవ తరగతిలో నుంచిరి. కొందఱు ఒక పుల్ల మిఠాయితోనే క్యాన్సరు వచ్చునని బెదరించుచున్నారు. అట్టి అతిశయోక్తి మాకు సమ్మతము గాదు. బెదరించి చెప్పిన మాట ఒకనాడు అబద్ధమని తోచినచో నిజమైన హెచ్చరికను గూడ జనులు త్రోసిపుచ్చుదురు. సాక్ష్యము చాలదనుట నిరపాయమనుట గాదు. ఏ పోషణయు, ఏ రుచియు లేని గుండను కేవలము తళుకునకై పిల్లల కడుపున వేయుట కెవ్వరికి నేమి హక్కు కలదు?

మిఠాయికంటె మాకు భయము గొల్పునవి మిరపపొడియు, రాగులును. మిఠాయి ఏటికి రెండుమాఱులు తినునది. కారము, సంగటి దినదినము తినునవి. పాతబడి వన్నె తగ్గిన మిరపపొడికి ఎఱుపు తెచ్చుటకును, రంగు తగ్గిన రాగులు క్రొత్తవిగా కనబడుటకును ఈ రంగును వాడు మోసగాండ్రు కలరు. ఇచ్చట రంగు చేయుపని మఱుగుపఱచుట. దీనివలన నష్టపోవువాడు తినువాడొక్కడే గాదు. నిజమైన ఎఱుపుగల మిరపను, కల్తీలేని రాగిని పండించిన రైతు తన సరకును అంగడిలో ఆ దొంగ ఎఱుపు ప్రక్కన పెట్టి తక్కువ ధరకు అమ్ముకొనవలసివచ్చును. సహకార సంఘమువారికి ఈ విషయముతో నేమి పనియని అడుగువారికి ఇదియే మా ప్రత్యుత్తరము.

ఇంటనే చేయదగిన పరీక్షలు రెండు కలవు. దూదిని నీటిలోనో వంటనూనెలోనో తడిపి రాగులపై రుద్దవలెను. దూది ఎఱ్ఱబాఱినచో రంగు కలిసినదని యెఱుగవలెను. గాజుగ్లాసులో నీరు పోసి దానిపై కొంచెము మిరపపొడి చల్లవలెను. రంగునీటి చారలు క్రిందికి జాఱినచో నీటిలో కరగు కృత్రిమపు రంగు కలదనుటకు అది సూచన. ఇవి అనుమానము పుట్టించుటకే కాని తీర్పు చెప్పుటకు చాలవు. 2006 నాటి ఆహార భద్రతా చట్టములోని 40వ సెక్షను ప్రకారము కొన్నవాడే, అట్లు చేయబోవుచున్నానని కొనునపుడే అంగడివానికి తెలిపి, రుసుము చెల్లించి సరకును ప్రభుత్వ విశ్లేషకునిచేత పరీక్ష చేయింపవచ్చును. సరకు చట్టవిరుద్ధమని తేలినయెడల ఆ రుసుము తిరిగి వచ్చును. ఈ హక్కు కలదని ఎఱిగినవారే అరుదు. ఒంటరి రైతునకు ఇది భారమైనను సంఘమునకు భారము గాదు.

పీచుమిఠాయి చేయు పేదవానిని పట్టి కొట్టుటవలన ప్రయోజనము లేదు. వాడు చిల్లర అంగడిలో చీటి లేని పొట్లమును కొనును. అందున్నది బట్టల రంగో తిండి రంగో అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడుగడు. అడ్డుకొనవలసినది ఆ పేరులేని పొట్లమును. కావున సంఘముల అమ్మకపు కొట్లలో పేరు, తయారుచేసినవారి చిరునామా, వాడుక ముద్రింపని ఏ రంగుపొడియు నుంచరాదని తీర్మానింపవలెనని మా యభిప్రాయము. ఎరువులు, విత్తనపు మందులు అమ్ము గదిలో తిండి సరకులు పెట్టరాదు. ఏరువాకకు ముందు విత్తనము పంచునపుడు సంచిపైనున్న హెచ్చరికను తెలుగున పైకి చదివి వినిపించి, మిగిలిన మందు విత్తనమును ఎవ్వరును గానుగకు తేరాదని చెప్పవలెను. గానుగలు గల సంఘములవారు రంగు అంటిన పప్పును త్రిప్పిపంపు అధికారమును గుమాస్తాకు వ్రాతమూలకముగా నియ్యవలెను. లేనియెడల ఊరిపెద్ద తెచ్చిన సంచిని గుమాస్తా కాదనలేడు.

కఱవేట మందు విత్తనము మిగిలినవానికి ఆ నష్టములో కొంతయైన సంఘమువారు పంచుకొనుట సాధ్యమా యనునది డబ్బుతో కూడిన ప్రశ్న గాన సర్వసభ్య సమావేశమున చర్చింపదగియున్నది. త్రిప్పిపంపిన సంచితో రైతు ఇంటికి పోయి ఏమి చేయునో ఆలోచింపక వట్టి నిషేధము వ్రాయుట మాకు రుచింపలేదు. ఏ సంఘమువారైన దీనిపై ఏర్పాటు చేసికొనియుండినచో వ్రాసిపంపవలసినదని కార్యదర్శులను కోరుచున్నాము.